థాచర్ అసలు దెబ్బ కొట్టింది తాళంచెవితో

బ్రిటన్ మాజీ ప్రధాని మార్గరెట్ థాచర్ పేరెత్తితే చాలు అందరికీ గుర్తొచ్చే సీన్ ఒకటే, 1984 జూన్ 18, ఇంగ్లాండులోని ఆర్‌గ్రీవ్, గుర్రాల మీద పోలీసులు, ముందు పరిగెడుతున్న, సమ్మెలో ఉన్న గని కార్మికులు. వాళ్ల యూనియన్ నాయకుడు స్కార్గిల్ మొండితనం, నాటింగ్‌హామ్‌షైర్ ప్రాంతం గని కార్మికులు సమ్మెకి కలిసిరాకపోవడం, ఏడాది పస్తులుండి 1985 మార్చిలో ఓడిపోయి మళ్లీ గనుల్లోకి దిగడం, ఇదంతా తెలిసిన కథే, మళ్లీ చెప్పను. నా గొడవల్లా ఏంటంటే బ్రిటన్ మారింది అక్కడే అంటే మాత్రం నేను ఒప్పుకోను. దానికి నాలుగేళ్ల ముందే, 1980 హౌసింగ్ యాక్ట్‌తోనే సగం ఆట అయిపోయింది.

అప్పట్లో దేశంలో దాదాపు మూడోవంతు కుటుంబాలు కౌన్సిల్ ఇళ్లల్లో, అంటే స్థానిక ప్రభుత్వం కట్టి అద్దెకిచ్చిన ఇళ్లల్లో ఉండేవి. థాచర్ వచ్చి, మూడేళ్లు అద్దెకున్నారా, అయితే మీ ఇల్లు మీరే కొనుక్కోండి, ధరలో 33 శాతం తగ్గిస్తాం, ఇంకా ఎక్కువ ఏళ్లున్నోళ్లకి సగం దాకా తగ్గిస్తాం అంది. ఎవరు కాదంటారు చెప్పండి? ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు అని మనోళ్లు ఊరికే అన్నారా, ఆ సగం కష్టం ప్రభుత్వమే తీసేస్తానంటుంటే! ఇంగ్లాండులో ఇప్పటిదాకా ఇలా పోయిన ఇళ్లు ఇరవై లక్షలకి దగ్గర.

ఇక్కడే అసలు విషయం ఉంది. అద్దెకున్నోడు సమ్మెలో ఉండి రెండు నెలలు బాకీ పడ్డా కౌన్సిలర్ కాళ్లావేళ్లా పడొచ్చు, వాడూ ఓట్లడగాలి కాబట్టి కాస్త వింటాడు. లోన్ మీద ఇల్లు కొన్నోడికి ఆ వెసులుబాటు ఎక్కడిది, కిస్తీ తప్పితే ఇల్లే పోతుంది, అందుకే యూనియన్ వాళ్లు గేటు దగ్గర పిలిచినప్పుడు వాడికి ముందు ఇంటి కాగితాలే గుర్తొస్తాయి. పైగా వాడు పేపర్ తెరిస్తే చూసేది జీతాల వార్త కాదు, వడ్డీ రేటు ఎంత, మన వీధిలో ఇల్లు ఎంతకి పోయింది అని. లాఠీ దెబ్బ తిన్నోడు ఇంకా ఎదురుతిరుగుతాడేమో గానీ కిస్తీ కట్టేవోడు మాత్రం తనంతట తనే సర్దుకుంటాడు. ఇది నేను ఊహించి చెప్తున్నది కాదు, 1981లో ఆవిడే ఒక ఇంటర్వ్యూలో చెప్పింది, ఆర్థిక విధానం పద్ధతి మాత్రమే, జనం మనసుని మార్చడమే లక్ష్యం అని. ఇంత ఓపెన్‌గా చెప్పినా అవతలోళ్లు పట్టించుకోలేదు.

అప్పటి ప్రతిపక్షం లేబర్ పార్టీ సంగతి చూడండి. 1983లో ఈ అమ్మకాలు ఆపేస్తామని మేనిఫెస్టోలో రాసుకుంది, చిత్తుగా ఓడింది, తర్వాత మెల్లగా ఆ మాటే మింగేసింది. 1997లో ఆ పార్టీ నాయకుడు బ్లెయిర్ అంత భారీ మెజారిటీతో వచ్చి కూడా స్కీమ్ ఎత్తెయ్యలేదు. ప్రత్యర్థి చేతే తన పని చేయించుకోవడం కంటే పెద్ద గెలుపు ఏముంటుంది?

కౌన్సిళ్లేమన్నా గొప్పవా అంటారు కొందరు. నిజమే, కుళాయి రిపేరుకి నెలలు తిప్పించేవాళ్లు, తలుపుకి నచ్చిన రంగు కూడా వేసుకోనిచ్చేవాళ్లు కాదు, అందుకే ఇల్లు కొన్నోళ్లు చాలామంది ముందు చేసిన పని ఆ తలుపు మార్చడం. ఆ సంతోషాన్ని నేను కాదనను. కానీ అమ్మిన ఇంటి బదులు ఇంకోటి కట్టాలిగా? వచ్చిన డబ్బు ఖర్చు పెట్టుకోడానికి కౌన్సిళ్లకి కేంద్ర ప్రభుత్వం సంకెళ్లేసింది, 1990 నుంచైతే ముప్పావు వంతు పాత అప్పులకే పొమ్మంది.

ఆ ఇళ్లు ఏమయ్యాయో తెలియాలంటే హైదరాబాద్ నుంచో గుంటూరు నుంచో మాస్టర్స్‌కి వెళ్లిన పిల్లల్ని అడగండి. ఈస్ట్ లండన్‌లో ఒక రూములో ముగ్గురు నలుగురు సర్దుకుని ఉంటారే, వాటిల్లో పాత కౌన్సిల్ ఫ్లాట్లు కూడా ఉంటాయి. మొదట కొన్నోడు ఎప్పుడో అమ్మేసుకున్నాడు, చేతులు మారి మారి అద్దెల మీద బతికే ఓనర్ల దగ్గరికి చేరింది. ఇల్లు ఉండటానికా, ఆస్తి కోసమా అనే ప్రశ్న ఒక దేశం పక్కన పెట్టేస్తే ఇదే జరుగుతుంది, మన దగ్గర అపార్ట్‌మెంట్లు కట్టేసి తాళాలేసి ఉంచడం చూస్తుంటే నాకెప్పుడూ ఇదే గుర్తొస్తుంది.

స్కాట్లాండ్ 2016లో ఈ స్కీమ్‌కి దణ్ణం పెట్టేసింది, వేల్స్ 2019లో. ఇంగ్లాండ్ మాత్రం ఇంకా వదల్లేదు, 2024 నవంబర్‌లో డిస్కౌంట్లు బాగా కోసింది, అంతే. ఈలోగా ఇల్లు లేని కుటుంబాల్ని పెట్టడానికి చోటు చాలక కొన్ని కౌన్సిళ్లు ఒకప్పుడు తాము చౌకగా అమ్ముకున్న ఇళ్లనే ఇవాళ్టి మార్కెట్ రేటుకి మళ్లీ కొంటున్నాయి.