గేదె గారి క్షేమ సమాచారం

మా టంగుటూరు వైపు ఒక బయాలజీ లెక్చరర్ గారున్నారు, ఆయన రీసెర్చ్ ఏందంటే పశువుని ముట్టుకోకుండా, సూది గుచ్చకుండా అది సుఖంగా ఉందో లేదో కనుక్కోవడం. నవ్వబాకండి, సీరియస్ విషయం. నెత్తురు తీసి కార్టిసాల్ (టెన్షన్ పడితే పెరిగే హార్మోను) చూద్దామంటే తాడేసి కట్టి సూది పొడిచే లోపే దానికి టెన్షన్ పెరిగిపోద్ది, అప్పుడు మనం కొలిచేది గేదె కష్టమా, మన సూది పెట్టిన కష్టమా అని ఆయన పాయింటు. అందుకే తెల్లారగానే ఐస్ బాక్సూ కవర్లూ పట్టుకుని కొట్టంలో నిలబడతాడు, అది పేడ వేసేదాకా కదలడు, వేసిందా, గ్లవ్స్ తొడుక్కుని వేడివేడిగా ఎత్తుకుంటాడు. నిన్న పడిన స్ట్రెస్ ఇవాళ పేడలో తేలుద్దంట. మిగతా టైమంతా చెవులు ఎటున్నాయి, కంట్లో తెల్లగుడ్డు ఎంత కనపడతంది, ఎంతసేపు నెమరేసింది, అన్నీ రాసుకుంటాడు. ఇద్దరు విడివిడిగా చూసి ఒకే మాట చెప్తేనే లెక్కలోకి తీసుకుంటాడు. గేదెల ఆసామి చూసి చూసి "నెమరేస్తందంటే బాగున్నట్టే గదయ్యా, దీనికి ఇంత చదువెందుకు" అన్నాడు. "అదే రాస్తన్నా పెద్దాయనా, కాకపోతే టైముతో సహా" అన్నాడీయన.

ఇంత మంచి పద్ధతిని గేదెల దగ్గరే ఆపేయడం అన్యాయం అని నా అభిప్రాయం. ఒంగోల్లో, నెల్లూర్లో ఇంటర్ హాస్టళ్లున్నాయి గదా, అక్కడ నడిచేది పక్కా సూది పద్ధతి. ఆదివారం ఫోనిస్తారు, వార్డెన్ పక్కనే నిలబడతాడు, వెనక పెద్ద లైను, అమ్మ "బాగున్నావా నాన్నా, తింటన్నావా" అంటది, వాడు "ఆఁ బాగున్నామ్మా" అంటాడు, ఇంట్లో అందరూ హ్యాపీ. ఈ డేటా మా సార్‌కి చూపిస్తే చించి అవతల పారేస్తాడు. ఉన్నదే ఒక్క అబ్జర్వరు, అదీ వార్డెను!

1965లో బ్రిటన్లో ఫారం పశువుల బాగోగులు చూడ్డానికి ప్రభుత్వం వేసిన బ్రాంబెల్ కమిటీ ఏం చెప్పిందంటే, ఫారంలో పెంచే పశువుకి కనీసం లేచి నిలబడ్డానికి, పడుకోడానికి, వెనక్కి తిరగడానికి, ఒళ్లు శుభ్రం చేసుకోడానికి, కాళ్లు చాపుకోడానికి చోటుండాలంది. మంచాలూ ట్రంకు పెట్టెలూ ఇరికించిన రూములో పడుకోవడం దాకా ఓకే, వెనక్కి తిరగాలంటే మాత్రం పక్కోడు లేవాలి. ఒళ్లు శుభ్రం సంగతి పొద్దున ఐదింటికి బాత్రూం లైన్లో నిలబడినోళ్లనే అడగండి. నెమరు ఒక్కటే పుష్కలం, అదీ ఆబ్జెక్టివ్ బిట్లు.

సార్, ఈసారి ఐస్ బాక్సు అటు తెండి, పోనీ శాంపిల్స్ వద్దులే, చెవులూ కళ్లూ చూసినా చాలు అన్నాను నేను. "పశువు మీద ప్రయోగానికే ఎథిక్స్ కమిటీ పర్మిషన్ కావాలయ్యా, పిల్లలంటే ఇంకా పెద్ద తతంగం, తల్లిదండ్రుల సంతకాలూ అయ్యీ" అన్నాడు. కరెక్టే. వీక్లీ టెస్టు పెట్టడానికైతే జిరాక్స్ మిషనుంటే చాలు.