సవరణ: ఇన్‌ఫ్లేమబుల్ అంటే మండేదే
మొన్న తికమకపెట్టే ఇంగ్లిష్ మాటల గురించి రాస్తూ ఫ్లేమబుల్ అంటే మండేది, ఇన్‌ఫ్లేమబుల్ అంటే మండనిది అన్నాను. అది తప్పు, పొరపాటు నాదే. రెండింటికీ అర్థం ఒకటే, తేలిగ్గా అంటుకునేది అని. ఇన్‌కరెక్ట్, ఇన్‌యాక్టివ్ లాంటి మాటల్లో 'ఇన్' కాదనే అర్థమిస్తుంది కాబట్టి ఇక్కడా అంతేననుకున్నాను, కానీ డిక్షనరీల్లో చూస్తే ఇది 'మంట పెట్టు' అనే లాటిన్ క్రియ నుంచి వచ్చింది, అందులో 'ఇన్' అంటే 'లోకి'. పెట్రోల్ ట్యాంకర్ వెనకాల పెద్ద అక్షరాలతో 'హైలీ ఇన్‌ఫ్లేమబుల్' అని రాసి ఉంటుంది కదా, అది హెచ్చరిక! మండనిదాన్ని నాన్‌ఫ్లేమబుల్ అంటారు. పెయింట్ థిన్నర్ డబ్బా మీద ఇన్‌ఫ్లేమబుల్ అని కనిపిస్తే మాత్రం దయచేసి పొయ్యికి దూరంగా పెట్టండి. పాత పోస్టు ఎవరికైనా పంపి ఉంటే ఇదీ పంపండి.