‘మాది సమాన అవకాశాల సంస్థ’ అనే చివరి లైను గారికి

మహారాజశ్రీ చివరి లైను గారికి నమస్కరించి రాయునది. ఉభయకుశలోపరి.

ఉద్యోగ ప్రకటన అడుగున, ‘జీతం మార్కెట్ ప్రకారం’ అన్న మాటకి కాస్త కింద మీరు కులాసాగానే ఉన్నారు. నిన్న కూడా చూశాను. బెంగళూరు అవుటర్ రింగ్ రోడ్డు మీద ఏ కంపెనీ పేజీ తెరిచినా మీ దర్శనమే. కులం, మతం, లింగం, వైకల్యం, ఏదీ చూడమని ఒక్క గుక్కలో చెప్పేస్తారు.

మిమ్మల్ని నమ్మే, సాఫ్ట్‌వేర్‌లో తప్పులు (బగ్గులు) పట్టే టెస్టింగ్ ఉద్యోగానికి అప్లై చేశాను. ఫారంలో వైకల్యం ఉందా అంటే ఉందన్నాను. వివరాలంటే పుట్టుకతో చెవుడని రాశాను. ఏమైనా సదుపాయం కావాలా అని కూడా అడిగారు, మర్యాదస్తులు. ఫోన్‌లో కాకుండా చాట్‌లో గానీ, కింద అక్షరాలు వచ్చే వీడియో కాల్‌లో గానీ ఇంటర్వ్యూ చేయమన్నాను. నా వైకల్య గుర్తింపు కార్డు (యూడీఐడీ) ఫైలుని సైజు ఎక్కువైందని మీ పోర్టల్ తిప్పికొట్టింది, అది వేరే కథ.

శుక్రవారం మీ హెచ్ఆర్ మేడం ఏం చేశారో తెలుసా అండీ? ఫోన్ చేశారు.

‘నాకు వినపడదు, దయచేసి మెసేజ్ పెట్టండి’ అని పంపాను. ‘నో ప్రాబ్లమ్, వీలైనప్పుడు కాల్ చేయండి’ అని జవాబు! మళ్లీ రింగ్. మారతహళ్లి పీజీ హాస్టల్లో నా రూమ్మేట్, గుంటూరు పిల్ల, జాలిపడి ఫోనెత్తి సంగతి చెప్పింది. ‘ఫోన్ రౌండ్ అందరికీ కంపల్సరీ. ఒకరికి మినహాయింపు ఇస్తే మిగతావాళ్లకి అన్యాయం కదా’ అన్నారట. అంత న్యాయం చెప్పాక, చివర్లో ‘మీరు చక్కగా మాట్లాడుతున్నారు, మీరేమైనా ఉద్యోగం చూస్తున్నారా’ అని దాన్నే అడిగారట.

సాయంత్రానికి నాకు మెయిల్. కమ్యూనికేషన్ స్కిల్స్ చాలలేదట.

సాఫ్ట్‌వేర్‌లో బగ్గులు చప్పుడు చేస్తాయా, చెవులు రిక్కించి పట్టుకోవడానికి?

ఇక గారూ గీరూ నా వల్ల కాదు. నువ్వు ఊరికే పుట్టలేదని నాకు తెలుసు. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టంలో 21వ సెక్షన్, ప్రైవేటుదైనా సరే, ప్రతి సంస్థా సమాన అవకాశాల పాలసీ ప్రకటించాలంది. 20 మందో అంతకు మించో పనిచేసే చోట ఎంపిక ఎలా చేస్తారు, ఏ సదుపాయాలిస్తారు, మా నియామకాలూ సదుపాయాలూ చూసే లైజన్ ఆఫీసర్‌గా ఎవరిని పెడతారు, ఇవన్నీ అందులో ఉండాలని 2017 రూల్సు చెప్పాయి. నీ వెబ్‌సైటంతా గాలించాను. ఆఫీసుకి కుక్కపిల్లల్ని తెచ్చుకునే పాలసీ దొరికింది. ఇది దొరకలేదు.

నీ ధీమా ఎక్కడిదో కూడా అర్థమైంది. ఉద్యోగాల్లో వివక్ష వద్దనే 20వ సెక్షన్ ప్రభుత్వ సంస్థల పేరే ఎత్తింది. 4 శాతం రిజర్వేషనూ వాళ్లకే. నీ దగ్గరికొచ్చేసరికి చట్టం గొంతు మారిపోయింది. సిబ్బందిలో కనీసం 5 శాతం మా వాళ్లుండేలా చూస్తే ప్రోత్సాహకాలిస్తారట, అదీ ప్రభుత్వానికి స్తోమత ఉన్నంత మేరకే. తగిన సదుపాయం ఇవ్వకపోవడం కూడా వివక్షేనని అదే చట్టం రాసింది. రాసి, మొదటిసారి ఉల్లంఘనకి జరిమానా 10,000 రూపాయలు దాటకూడదంది. నీ శుక్రవారం పిజ్జాల బిల్లు అంతకన్నా ఎక్కువే అయ్యుంటుంది.

నేనేం అడిగాను? రిజర్వేషన్ అడగలేదు, జాలి అడగలేదు. వీడియో కాల్‌లో అక్షరాల బటన్ నొక్కమన్నాను. అంతే. దానికి కూడా చేతులు రాని నీకు ‘అందరికీ స్వాగతం’ అని రాసుకోవడానికి సిగ్గు లేదా? ఉన్న మాట రాసుకో: ‘చెవిటివాళ్లు కాల్ చేయగలరు.’

పాలసీ కాపీ పంపు. లైజన్ ఆఫీసర్ అంటూ ఎవరైనా ఉంటే ఈమెయిల్ అడ్రస్ ఇవ్వు. ఫోన్ నంబర్ ఇచ్చావో, రూమ్మేట్‌కి ఇచ్చేస్తాను. అది ఉద్యోగం మారాలనే చూస్తోంది.