రోజువారీ తిరుగుడుకి డీజిల్ కారే లాభమా? ఆ లెక్క 2012 నాటిది

వాట్సాప్ గ్రూపుల్లో ఒక మెసేజ్ ఏళ్ళ తరబడి తిరుగుతోంది. దాని సారాంశం ఇది: "రోజుకు 30 కిలోమీటర్లు తిరిగేవాడు పెట్రోల్ కారు కొంటే డబ్బు రోడ్డు మీద పోసినట్టే. డీజిల్ చవక. మైలేజీ 24 వస్తుంది. ఎక్కువ పెట్టిన డబ్బు రెండేళ్ళలో తిరిగొస్తుంది. డీజిల్ ఇంజిన్ మొండిది, ఖర్చు పెట్టించదు. పైగా ఈ20 (20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోల్) వచ్చాక పెట్రోల్ ఇంజిన్లు మూలపడుతున్నాయి. కొత్తది కొనలేనివాళ్ళు ఢిల్లీ నుంచి సగం ధరకి డీజిల్ బండి తెప్పించుకోండి."

ఇందులో పూర్తి అబద్ధమంటూ ఏదీ లేదు. చాలా ముక్కలు ఒకప్పుడు నిజమే. అందుకే ఇప్పటికీ జనం నమ్ముతున్నారు. ఒక్కో ముక్కా విడదీసి చూద్దాం.

"డీజిల్ చవక"

2012 మే చివర్లో ఢిల్లీలో లీటరు పెట్రోల్ 73 రూపాయలు, డీజిల్ 41. తేడా 32 రూపాయలు. పెట్రోల్ ధర మీద నియంత్రణను 2010 జూన్‌లోనే ఎత్తేశారు. డీజిల్ మీద మాత్రం 2014 అక్టోబర్ దాకా ఉంచారు. ఆ నాలుగేళ్ళలో డీజిల్ కారు కొన్నవాళ్ళు నిజంగానే లాభపడ్డారు, ఈ సలహా పుట్టిందీ అప్పుడే. 2025లో హైదరాబాద్ బంకుల్లో పెట్రోల్ 107 చిల్లర, డీజిల్ 95 చిల్లర. అంటే తేడా 12 రూపాయలు. 2012లో డీజిల్ 44 శాతం తక్కువకి దొరికేది, 2025లో 11 శాతం. సలహా మాత్రం అలాగే ఉండిపోయింది.

"మైలేజీ 24"

కంపెనీ చెప్పే అంకె ల్యాబ్‌లో రోలర్ల మీద, ఏసీ ఆపి, నిర్ణీత వేగాల్లో నడిపి తీసింది. రెండు కార్లను పోల్చుకోవడానికి అది పనికొస్తుంది, నెల ఖర్చు లెక్కకి పనికిరాదు. కూకట్‌పల్లి నుంచి గచ్చిబౌలికి పొద్దున తొమ్మిదింటికి ఏసీ వేసుకుని వెళ్ళే బండికి ఆ అంకెలో 65–75 శాతం వస్తే చాలు. డ్యాష్‌బోర్డ్ చూపించే సగటును కూడా గుడ్డిగా నమ్మొద్దు, అది కాస్త ఎక్కువే చూపించడం మామూలు.

నిజం తెలుసుకునే పద్ధతి సులువు. బంకులో నాజిల్ మొదటిసారి టక్కున ఆగేదాకా నింపించండి. రౌండ్ ఫిగర్ కోసం పైన ఇంకా పోయనివ్వకండి. ట్రిప్ మీటర్ సున్నా చేసి, కనీసం 300 కిలోమీటర్లు మీరు రోజూ వెళ్ళే దారిలోనే తిరగండి. మళ్ళీ అదే బంకులో, అదే పంపు దగ్గర, మొదటి కట్ దాకా నింపించి, తిరిగిన కిలోమీటర్లను రెండోసారి పట్టిన లీటర్లతో భాగించండి. రెండు మూడు సార్లు చేస్తే మీ అంకె తేలుతుంది. దానికి ముందు టైర్ల గాలి సరిచూసుకోవాలి. ఎంత ఉండాలో డ్రైవర్ తలుపు పక్కన స్తంభానికి అంటించిన స్టిక్కర్ మీద రాసి ఉంటుంది. గాలి కొట్టే కుర్రాడు అన్ని బండ్లకీ ఒకటే పెడతాడు.

"రెండేళ్ళలో తిరిగొస్తుంది"

అసలు తప్పంతా ఇక్కడే జరుగుతుంది. కాగితం మీద పెట్టి చూద్దాం.

రోజుకు 30 కిలోమీటర్లు, నెలకు 26 రోజులు, అప్పుడప్పుడు ఊరెళ్ళడం కలిపితే ఏడాదికి 10,000 కిలోమీటర్లు. నాలుగు మీటర్ల లోపు చిన్న ఎస్‌యూవీ తీసుకుందాం. ఊళ్ళో పెట్రోల్‌ది లీటరుకు 13, డీజిల్‌ది 17 ఇస్తుందనుకుంటే, పెట్రోల్‌కు 769 లీటర్లు, సుమారు 82,700 రూపాయలు. డీజిల్‌కు 588 లీటర్లు, 56,300 రూపాయలు. ఏడాదికి 26,400 మిగిలింది. ఇక్కడిదాకా మెసేజ్ చెప్పింది సబబే.

ఇక రెండో వైపు చూద్దాం. షోరూమ్ ధర పెట్రోల్‌ది 9.2 లక్షలు, అదే వేరియంట్ డీజిల్‌ది 10.3 లక్షలు అనుకోండి. తేడా లక్షా పది వేలే కదా అనిపిస్తుంది. కానీ తెలంగాణలో లైఫ్ ట్యాక్స్ శ్లాబు 10 లక్షల దగ్గర మారుతుంది. 2022 సవరణ ప్రకారం 5 నుంచి 10 లక్షల కారుకి 14 శాతం, 10 లక్షలు దాటితే 17 శాతం. ఆ పై శ్లాబు తర్వాత ఇంకా పెరిగింది కూడా. పైగా దాటిన ముప్పై వేల మీద మాత్రమే కాదు, మొత్తం ధర మీద వేస్తారు. 14 శాతమంటే 1,28,800. 17 శాతమంటే 1,75,100. బీమా తేడా కూడా కలిస్తే ఆన్‌రోడ్ దగ్గర లక్షా అరవై వేలు తేలుతుంది. ఆ పైన పడ్డ యాభై వేల ముక్క షోరూమ్ బోర్డు మీద కనిపించదు, కొటేషన్‌లో కింది వరసల్లో ఉంటుంది.

దాన్ని లోన్‌లో కలిపితే, 9.5 శాతం వడ్డీకి ఐదేళ్ళలో కట్టేది రెండు లక్షలు దాటుతుంది. మిగిలే 26,400లోంచి డీజిల్ సర్వీసు అదనపు ఖర్చు ఏడాదికి మూడు వేలు తీసేయండి. తేలేది రెండేళ్ళు కాదు, ఎనిమిదిన్నరేళ్ళు. ఈలోపు చాలామంది బండి మార్చేస్తారు.

ఇంతకన్నా పెద్ద పొరపాటు ఇంకొకటుంది. మెసేజ్ చెప్పేదే తక్కువ ఖర్చుతో రోజూ తిరగాలనుకునేవాడికి. అలాంటివాడు చూడాల్సింది చిన్న హ్యాచ్‌బ్యాక్‌ని. ఆ తరగతిలో ఇప్పుడు కొత్త డీజిల్ దాదాపు లేనట్టే. బీఎస్6 కాలుష్య నిబంధనలు వచ్చిన 2020 ఏప్రిల్ నుంచి మారుతి డీజిల్ కార్లు మానేసింది. హోండా 2023లో ఆపేసింది. చిన్న ఇంజిన్‌కు అంత కాలుష్య నియంత్రణ సరంజామా తగిలిస్తే గిట్టుబాటు కాదని వాళ్ళే తేల్చుకున్నారు. వ్యాగన్ ఆర్, స్విఫ్ట్ లాంటి టర్బో లేని పెట్రోల్ బండి ఊళ్ళో 17–18 ఇస్తే, ఏడాదికి పెట్రోల్ ఖర్చు 61,400 చిల్లర. డీజిల్ ఎస్‌యూవీ కంటే ఐదు వేలే ఎక్కువ. ఆ ఐదు వేల కోసం మూడు నాలుగు లక్షలు అదనంగా పెట్టమని ఎవరు చెప్పినా నమస్కారం పెట్టి వచ్చేయొచ్చు.

ఇంధనమే మీ పెద్ద బెంగ అయితే సీఎన్‌జీ లెక్క వేసుకోండి. కంపెనీ బిగించిన చిన్న కారు కిలోకి 26 ఇస్తే, కిలో 96 చొప్పున ఏడాదికి 37,000 అవుతుంది. అదనపు ధర లక్ష లోపే కాబట్టి నాలుగేళ్ళలో చేతికొస్తుంది. డిక్కీ పోతుంది, బంకు దగ్గర క్యూ ఉంటుంది, మూడేళ్ళకోసారి సిలిండర్‌కి హైడ్రో టెస్ట్ (నీటి ఒత్తిడి పరీక్ష) చేయించాలి. మీ ఇంటికీ ఆఫీసుకీ మధ్య బంకు లేకపోతే ఆ ఆలోచన వదిలేయండి.

"డీజిల్ ఇంజిన్ మొండిది"

పాత డీజిల్ ఇంజిన్ మొండిదే. బీఎస్6 డీజిల్ ఇంజిన్ కూడా గట్టిదే, మొండితనం పోయింది దాని వెనకున్న పొగ గొట్టంలో. అక్కడ డీపీఎఫ్ అనే జల్లెడ ఉంటుంది. మసిని పట్టి ఉంచడం దాని పని. నిండితే ఆ మసిని అక్కడే కాల్చెయ్యాలి. అందుకు లోపల దాదాపు 600 డిగ్రీల వేడి కావాలి. హైవే మీద వేడి తేలిగ్గా అందుతుంది. సిగ్నల్ సిగ్నల్‌కీ ఆగుతూ పాకే బండిలో ఆ వేడి ఎప్పటికీ రాదు. అప్పుడు కంప్యూటర్ తనే పూనుకుని, ఆలస్యంగా అదనపు డీజిల్ చల్లించి వేడి పుట్టిస్తుంది. దీనికి 10–20 నిమిషాలు ఆగకుండా నడవాలి.

ఆ పని జరుగుతున్నప్పుడు బండిని గమనిస్తే తెలిసిపోతుంది. ఐడిల్‌లో ఆర్‌పీఎం ముల్లు మామూలు కంటే పైకి ఉంటుంది. మైలేజీ మీటరు ఒక్కసారిగా పడిపోతుంది. బండి ఆపాక కూడా రేడియేటర్ ఫ్యాన్ హోరుమంటూ తిరుగుతుంది, కాలిన వాసన వస్తుంది. సరిగ్గా అప్పుడే ఆఫీసు వచ్చిందని మీరు తాళం తిప్పేస్తారు. పని సగంలో ఆగిపోతుంది. మర్నాడు మళ్ళీ మొదలవుతుంది, మళ్ళీ సగంలో ఆగుతుంది.

ఇలా పదే పదే జరిగితే కాలకుండా మిగిలిన డీజిల్ సిలిండర్ గోడల మీదుగా జారి ఇంజిన్ ఆయిల్‌లో కలుస్తుంది. డిప్‌స్టిక్ తీసి చూస్తే ఆయిల్ తగ్గి ఉండదు, పెరిగి ఉంటుంది. పైగీత దాటి, పల్చగా, డీజిల్ వాసనతో. "ఆయిల్ ఫుల్‌గా ఉంది" అని సంబరపడేవాళ్ళు ఉన్నారు. నిజానికి అది బేరింగుల్నీ టర్బోనీ తినేసే ఆయిల్. వెంటనే మార్పించాలి.

డీపీఎఫ్ లైటు వెలిగితే భయపడక్కర్లేదు, నిర్లక్ష్యం చెయ్యకూడదు. ట్యాంకులో పావు వంతు పైన డీజిల్ ఉంచుకుని, ఔటర్ రింగ్ రోడ్డు లాంటి ఖాళీ దారిలో ఒక గేరు తగ్గించి, 2,000 ఆర్‌పీఎం పైన, 15–20 నిమిషాలు ఆగకుండా నడపండి. లైటు ఆరిపోతుంది. అప్పటికీ పట్టించుకోకపోతే బండి వేగం అందుకోవడం మానేస్తుంది, స్కానర్ పెట్టి షెడ్డులో మసి కాల్పించాలి. ఆ జల్లెడనే మార్చాల్సి వస్తే మీరు కొన్నేళ్ళుగా డీజిల్‌లో మిగిల్చినది ఒక్క బిల్లులో పోతుంది. అన్నట్టు, ఆయిల్ కూడా మాన్యువల్‌లో రాసిన గ్రేడే పోయించాలి. తక్కువ ధరకి వచ్చిందని మామూలు డీజిల్ ఆయిల్ పోస్తే అందులోంచి వచ్చే బూడిద జల్లెడలో ఉండిపోతుంది. మసి కాలుతుంది కానీ బూడిద కాలదు.

కొన్ని మోడళ్ళలో యాడ్‌బ్లూ కూడా పోయాలి. అది 32.5 శాతం యూరియా కలిపిన శుద్ధమైన నీళ్ళు, డీజిల్ ట్యాంకులో పొరపాటున పోస్తే చేతి చమురు వదులుతుంది. అయిపోతోందని బండి ముందే హెచ్చరిస్తుంది. వినకపోతే ఆపాక మళ్ళీ స్టార్ట్ అవదు.

"ఈ20తో పెట్రోల్ ఇంజిన్లు మూలపడుతున్నాయి"

సగం నిజం. లీటరు ఇథనాల్‌లో శక్తి పెట్రోల్ కంటే మూడో వంతు తక్కువ. 20 శాతం కలిపితే అచ్చమైన పెట్రోల్‌తో పోలిస్తే 6–7 శాతం శక్తి తగ్గుతుంది. పాత బండిలో మైలేజీ తగ్గిందన్నవాళ్ళు అబద్ధమాడట్లేదు. పది శాతం కలిపిన పెట్రోల్ ఇంతకుముందే వాడుతున్నాం కాబట్టి కొత్తగా కనిపించే తేడా అందులో సగమే. అయినా ఎక్కువే వేసుకుని, పై చిన్న కారు లెక్కలో 17.5 బదులు 16.5 పెట్టి చూడండి, ఏడాదికి 3,700 పెరుగుతుంది. అది నష్టమే, కానీ దానికోసం డీజిల్ కొంటే లక్షా అరవై వేలు ఖర్చు.

ఇంజిన్ సంగతికొస్తే, 2023 ఏప్రిల్ తర్వాత తయారైన కార్లలో రబ్బరు, ప్లాస్టిక్ భాగాలు ఈ20ని తట్టుకునేవే. పదేళ్ళు దాటిన బండి అయితే ఫ్యూయల్ హోస్‌లు, ఓ-రింగులు, పంపు దగ్గరి సీళ్ళు సర్వీసులో చూపించుకోండి. బోనెట్ తీయగానే పెట్రోల్ వాసన గుప్పుమంటే ఆ రోజే మార్పించాలి. ఇథనాల్ నీటిని పీలుస్తుంది, నెలల తరబడి కదలని బండికి అది చిక్కు. రోజూ తిరిగే బండికి ఆ బెడద లేదు.

మరి డీజిల్ ఎవరికి?

ఏడాదికి 25,000 కిలోమీటర్లు, అందులో ఎక్కువ హైవే మీద తిరిగేవాళ్ళకి. వారం వారం హైదరాబాద్ నుంచి విజయవాడ వెళ్ళొచ్చేవాళ్ళకి పెట్రోల్ ఎస్‌యూవీ 17, డీజిల్‌ది 21 ఇస్తే ఏడాదికి 44,000 మిగులుతుంది. సర్వీసు తేడా తీసేస్తే పెట్టింది ఐదేళ్ళలో తిరిగొస్తుంది. డీపీఎఫ్ కూడా దారిలోనే శుభ్రపడుతుంది.

"ఢిల్లీ నుంచి సగం ధరకి"

ఎందుకు సగం ధరో మెసేజ్ చెప్పదు. పదేళ్ళు దాటిన డీజిల్ బండ్లు ఢిల్లీ, చుట్టుపక్కల ప్రాంతంలో తిరగకూడదని 2015లో హరిత ట్రిబ్యునల్ ఆదేశించింది, 2018లో సుప్రీంకోర్టు దాన్ని సమర్థించింది. అందుకే అక్కడ అమ్ముడుపోనివి ఇటు రావడం మొదలైంది. ఇక్కడికి తెచ్చాక అక్కడి ఎన్‌ఓసీ (నిరభ్యంతర పత్రం), ఇక్కడ తనిఖీ, బండి వయసును బట్టి మళ్ళీ లైఫ్ ట్యాక్స్, కొత్త నంబరు, బీమా మార్పు, లారీ మీద తెచ్చిన కిరాయి, అన్నీ కలిపి తడిసి మోపెడవుతుంది. ఎన్‌ఓసీ చేతికి రాకుండా పూర్తి డబ్బు ఇవ్వకండి.

ఇక్కడిదైనా అక్కడిదైనా పాత డీజిల్ బండి చూడ్డానికి వెళ్తే ముందు రవాణా శాఖ వారి పరివాహన్ సైట్‌లో నంబరు కొట్టి వివరాలు చూడండి, ఒకప్పుడు ట్యాక్సీగా తిరిగిందేమో కనుక్కోండి. మీటరు 60,000 చూపిస్తూ క్లచ్ పెడల్ రబ్బరు నున్నగా అరిగి ఉంటే మీటరును నమ్మకండి. టైరు పక్కన చివరి నాలుగంకెలు తయారైన వారం, సంవత్సరం చెబుతాయి. తక్కువ తిరిగిందన్న బండికి మూడో జత టైర్లు ఎందుకు పడ్డాయో అడగండి. ఇంజిన్ నడుస్తుండగా ఆయిల్ పోసే మూత తీస్తే కాస్త గాలి రావడం మామూలే, బుసబుసమని పొగ తన్నుకొస్తే పిస్టన్ రింగులు అరిగాయని అర్థం. నీలం పొగ ఆయిల్ కాలుతున్న గుర్తు. చల్లారిన ఇంజిన్ స్టార్ట్ చేసిన మొదటి రెండు మూడు సెకన్లు చెవి పెట్టి వినండి, టైమింగ్ చైన్ సాగితే గలగలా వినిపించేది అప్పుడే, వేడెక్కాక దాక్కుంటుంది. అందుకే వెళ్ళేముందు బండి స్టార్ట్ చెయ్యొద్దని చెప్పండి, వెళ్ళగానే బోనెట్ మీద చెయ్యి పెట్టి చూడండి. వెచ్చగా తగిలితే "ఇంకో రోజు పొద్దున్నే వస్తాం" అని చెప్పి వచ్చేయండి.