డ్యాష్‌బోర్డు వెనక కాపురముంటున్న డబ్బా గారికి

మహారాజశ్రీ డబ్బా గారికి,

బొమ్మనహాళ్ మండలం నుంచి తమరి యజమాని (ఈఎంఐలు తీరేదాకా బ్యాంకు వారితో ఉమ్మడిగా) నమస్కరించి రాయునది ఏమనగా, ఉభయకుశలోపరి. ఇక్కడ నేను, మా ఇంటిది, రెండు ఆవులు, ఒక దూడ క్షేమం. తమరి క్షేమం అడగక్కరలేదు. బండి అనంతపురం షోరూంలో జాకీల మీదికెక్కి మూడు వారాలైనా తమరు మాత్రం కన్ను మూయలేదని నిన్న ఫోన్‌కొచ్చిన మెసేజ్ చూస్తే తెలిసింది. "మీ వాహనం చాలా రోజులుగా కదలలేదు. ఒక చక్కటి డ్రైవ్‌కు వెళ్ళొద్దామా?"

యాడికి పోదాం సామీ? నేను బండి ఎక్కడ, ఎట్లా తోలానో కంపెనీకి తమరు చెప్పిన సాక్ష్యం మీదే కదా అది అక్కడ వేలాడుతోంది.

తమరితో నా పరిచయం డెలివరీ రోజునే, నాకు తెలియకుండా జరిగిపోయింది. బండికి పూలదండ వేశారు. పూజారి కర్పూరం వెలిగించాడు. నాలుగు టైర్ల కింద నాలుగు నిమ్మకాయలు పెట్టారు. ఎడమ పక్క కాయ సరిగ్గా కూర్చోలేదే అని నేను వంగి చూస్తుంటే, టై కట్టుకున్న కుర్రాడు నా ఫోన్ తీసుకుని యాప్ ఎక్కించి, "సార్, ఇక్కడ ఓకే నొక్కండి. ఇక్కడ కూడా. కింద ఇంకోటుంది" అన్నాడు. వేలికి పసుపు ఉండటంతో స్క్రీన్ పట్టలేదు. పంచెకు తుడుచుకుని మరీ నొక్కాను. నిమ్మకాయ నలిగేలోపు నా రాకపోకలు, నా వేగం, నా బ్రేకులు, తలుపు ఎప్పుడు తీశానో ఎప్పుడు వేశానో అన్నీ రాసిచ్చేశాను. అరెకరం చేను అమ్మాలంటే సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో ఇద్దరు సాక్షులు, ఫోటో, వేలిముద్రలు. దీనికి ఒక్క పసుపు వేలు చాలింది.

ఆ కాగితం మొత్తం ఇంగ్లీషు. 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం ప్రకారం, ఇలా మన అంగీకారం అడిగేవాళ్ళు రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూల్లో ఉన్న ఏ భాషలోనైనా దాన్ని చదువుకునే వీలివ్వాలి. తెలుగు అందులో ఉంది. అయితే దానికి నియమాలు 2025 నవంబరులో గానీ రాలేదు, వచ్చినవాటిలోనూ మనకు పనికొచ్చే భాగాలకు ఇంకో 18 నెలల గడువు పెట్టారు. మా ఊరికి శాంక్షన్ అయిన తారు రోడ్డు కూడా ఇట్లాగే ఉంటుంది కాబట్టి నేనేమీ ఆశ్చర్యపోలేదు.

తమరి వంశవృత్తాంతం బెంగళూరులో ఉన్న మా పిల్లోడు చెప్పాడు. అరచేయంత పెట్టె. లోపల ఒక సిమ్. ఉపగ్రహాల నుంచి బండి ఎక్కడుందో పట్టుకుంటుంది, సిమ్‌తో కంపెనీకి చేరవేస్తుంది. నాలుగు చక్రాలూ ఒకే వేగంతో తిరుగుతున్నాయా లేదా అని చూస్తుంది. ఒకటి గిర్రున తిరిగి మిగతావి నెమ్మదిగా ఉంటే "చక్రం జారింది" అని రాసుకుంటుంది. బండి ఎంత ఒరిగిందో, ఫోర్ బై ఫోర్ మీట ఎన్నిసార్లు తిప్పానో కూడా. వాడి ఫోన్లోనూ ఆ యాప్ ఉంది. కొన్న నెలకే ఒక రాత్రి పదకొండింటికి ఫోన్ చేశాడు.

"నాయనా, ఈ యాళప్పుడు హగరి ఏటి ఇసుకలో ఏం చేస్తాండావ్?"

ఏం చేస్తానప్పా, చెనక్కాయ చేలో పందులు పడినాయని చెప్పాను. నమ్మాడో లేదో తెలియదు. మాకీ పక్కన రాత్రిపూట ఇసుకలో బండి కనబడితే జనం అనుకునేది ఇంకొకటి ఉంటుంది. కన్న కొడుకు కూడా ఒక్క క్షణం ఆగి "సరే నాయనా" అన్నాడంటే, ఆ క్షణం పెట్టింది తమరే.

ఇంక మీరు, తమరు అనడం నా వల్ల కాదు. నువ్వు అనే అంటాను.

నువ్వు కొత్తగా కనిపెట్టిన పనేమీ కాదిది. మా జేజినాయనకు జత ఎద్దులుండేవి. బళ్ళారి సంత నుంచి రాత్రి వస్తూ ఆయన బండిలోనే నిద్రపోతే అవే దారి పట్టుకుని ఇంటి ముందర నిలబడేవి. ఒకసారి మా జేజిని ఎక్కించుకుని పట్టపగలు పోతుంటే, ఎవరూ పగ్గం లాగకుండానే కల్లంగడి ముందర రెండూ టక్కున ఆగిపోయాయి. తోక ఊపుకుంటూ, ఇంక దిగమన్నట్టు. జేజి ఏమీ అనలేదంట. ఆ వారం రోజులూ ఆయనకు సంగటిలోకి ఊరుబిండి పడలేదంట, అంతే. చూడు, ఎద్దు కూడా సాక్ష్యం చెప్పింది. కానీ అది చెప్పింది ఇంటిమనిషికి. సంతలో అమ్మినవాడి దగ్గరికి పరుగెత్తిపోయి, "అయ్యా, ఈయన నన్ను రాళ్ళల్లో తోలుతున్నాడు, కాలు విరిగితే మీకు సంబంధం లేదని రాసుకోండి" అని చెప్పలేదు.

షోరూంలో ఏం జరిగిందో నీకు తెలుసు. అయినా నా వైపు నుంచి ఒకసారి విను, ఎటూ వినడమే నీ పని కదా.

ముందు చక్రాల దగ్గర కటకటమని చప్పుడు వచ్చింది. ఇంకా వారంటీ ఉందికదా అని ధీమాగా తోలుకుపోయాను. మెకానిక్ బండి కిందికి దూరతాడనుకున్నాను. ఎవరూ వంగనే లేదు. ఒకాయన ల్యాప్‌టాప్ పట్టుకొచ్చి స్టీరింగ్ కింద ఉన్న రంధ్రంలో వైరు గుచ్చాడు. పది నిమిషాలు ఏసీ వేసుకుని బండిలో కూర్చున్నాడు. దిగొచ్చి, డాక్టరు పేషెంటు బంధువులతో మాట్లాడినట్టు గొంతు తగ్గించి చెప్పాడు.

"సార్, ‘ఫోర్ లో’, అంటే ఇసుకలో బురదలో లాగే గేరు, 37 సార్లు వేసినారు. చక్రాలు బాగా జారినాయి. ఒక రోజు బండి 21 డిగ్రీలు ఒరిగింది. రోడ్డు లేనిచోట 412 కిలోమీటర్లు తిప్పినారు. ఇది ఆఫ్ రోడ్ వాడకం సార్. వారంటీ రాదు."

"మరి ఆ ‘ఫోర్ లో’ మీట ఎందుకు పెట్టినారప్పా బండికి?"

"అది ఫీచర్ సార్."

లక్షా పద్నాలుగు వేల చిల్లర ఎస్టిమేట్ చేతిలో పెట్టాడు. ఆ లాగ్ ఏదో నాక్కూడా ఒక కాపీ ఇమ్మన్నాను. "అది కంపెనీ కాన్ఫిడెన్షియల్ సార్" అన్నాడు. నా చేతులు, నా కాళ్ళు, నా డీజిల్, నా చేను. గుట్టు మాత్రం కంపెనీది!

ఇంటికొచ్చి వారంటీ పుస్తకం తీశాను. దుర్వినియోగం, రేసులు, ర్యాలీలు, ఆఫ్ రోడ్ పోటీలు, వీటివల్ల వచ్చిన నష్టానికి వర్తించదని చీమతలంత అక్షరాల్లో ఉంది. నేను పోటీ పడింది అడవిపందులతో ఒక్కటే, అందులోనూ అవే గెలిచాయి. పక్కనే బ్రోచర్ కూడా ఉంది. దాని అట్ట మీద ఇదే బండి ఇసుక దిబ్బ మీదికి ఎగురుతోంది. బానెట్ మీద ఒకడు జీన్స్ ప్యాంటు వేసుకుని చేతులు చాపి నిలబడ్డాడు. మాకు హగరి ఒడ్డున, గోవిందవాడ పక్కన, కణేకల్లు దాకా ఉన్నవి అవే దిబ్బలు. ఆషాఢం గాలికి ఏట్లోని ఇసుక లేచి చేలల్లోకి నడుచుకుంటూ వస్తుంది. ఫోటో తీయడానికి వాళ్ళు ఎక్కడి ఎడారికి పోయారోగానీ మా ఊరికొచ్చుంటే టీ ఇచ్చి మరీ చూపించేవాణ్ణి. జీన్స్ వాడు దిబ్బ ఎక్కితే సాహసం, తుండుగుడ్డ చుట్టుకున్నవాడు ఎక్కితే దుర్వినియోగం. లోపలి పేజీలో ఈ బండి ఆరు వందల మిల్లీమీటర్ల లోతు నీళ్ళలో దిగుతుందని గొప్పగా వేశారు. మా జిల్లాకు ఏడాది పొడుగునా పడే వాన సగటున 550 మిల్లీమీటర్ల చిల్లర. సంవత్సరం వానంతా ఒకేచోట నిలబెట్టినా నీ బండికి మోకాళ్ళు దాటవు.

ఇక ఆ 412 కిలోమీటర్లు. నాకు కోపం వచ్చిందీ, తర్వాత నవ్వొచ్చిందీ ఇక్కడే. తారు రోడ్డు నుంచి మా చేనికి మూడు కిలోమీటర్లు. పోను రాను ఆరు. వేరుశనగ వేసిన కాలంలో రోజు మార్చి రోజు పోయాను, లెక్క సరిగ్గానే ఉంది. కానీ "రోడ్డు లేనిచోట" అన్నావే, ఎవరన్నారు లేదని? నీ పటంలో లేదు, అంతే కదా. సర్వేయరు దగ్గర గ్రామ నక్షా తీయించాను. అందులో చుక్కల గీతలతో బండి బాట స్పష్టంగా ఉంది. రికార్డులో దాని పేరు రస్తా పోరంబోకు. రస్తా అంటే ఏమిటో నీకు ఏ భాషలో చెప్పాలి? నా పెళ్ళి ఊరేగింపు, మా నాయన పాడె ఆ బాట మీదే పోయాయి. గవర్నమెంటు దృష్టిలో నేను రోడ్డు దిగలేదు. ఉపగ్రహం దృష్టిలో నేను ఎక్కనే లేదు.

పోనీ ఉన్నదున్నట్టు రాశావా అంటే అదీ లేదు. ఒకరోజు చెనక్కాయల మూట ముందు సీట్లో పెడితే బెల్టు బెల్టు అని కుయ్యోమని మొత్తుకున్నావు. చెవులు హోరెత్తి ఆ మూటకు బెల్టు పెట్టాను. అడ్డంగా, బొడ్డు మీదుగా, కొత్త కోడలికి పెట్టినట్టు. ఊరొచ్చేదాకా నువ్వు ఊరుకున్నావు. నీ పుస్తకంలో ఆ రోజు నా పక్కన ఒక మనిషి ఉన్నట్టే కదా! ఆడో మగో రాసుంటే అది మా ఇంటిదాని కంట పడకుండా చూడు. ఇక ఆ 21 డిగ్రీల రోజు, వంక గట్టు జారింది. వెనక సీట్లో దూడ ఉంది, కడుపుబ్బి కాళ్ళు చాపేసింది, పశువుల ఆసుపత్రి మూసేలోపు చేరాలి. ఆ దూడ నీకు కనబడలేదు. మూటను మనిషిగా పట్టుకున్నావు, ప్రాణమున్నదాన్ని వదిలేశావు. ఒరిగిన డిగ్రీలు మాత్రం లెక్కకట్టావు.

నీ చుట్టాల సంగతీ కొంత చదివాను. పిల్లోడే పంపాడు. 2023లో ఫైర్‌ఫాక్స్ బ్రౌజర్ తాలూకు మొజిల్లా ఫౌండేషన్ వాళ్ళు 25 కార్ల బ్రాండ్ల ప్రైవసీ పాలసీలు కూర్చుని చదివితే ఒక్కటీ పాస్ కాలేదు. నిస్సాన్ వాళ్ళ అమెరికా పాలసీలో, సేకరించే సమాచారం కింద లైంగిక కార్యకలాపాలు కూడా ఉన్నాయి. వెనక సీట్లో దూడను చూడలేనివాడివి, నీకెందుకయ్యా ఆ సంబడం? జనరల్ మోటార్స్ కార్ల నుంచి డ్రైవర్ల బ్రేకుల లెక్కలు, జనం సమాచారం కొని అమ్మే డేటా బ్రోకర్ల చేతికి, అక్కణ్ణుంచి ఇన్సూరెన్స్ వాళ్ళ చేతికి పోయి కొందరికి ప్రీమియంలు పెరిగాయని 2024లో బయటపడింది. 2025 జనవరిలో అమెరికా ప్రభుత్వపు ఫెడరల్ ట్రేడ్ కమిషన్ ఐదేళ్ళు ఆ వ్యవహారం కట్టిపెట్టమంది. 2024 డిసెంబరులో వోక్స్‌వ్యాగన్ గ్రూపు ఎలక్ట్రిక్ కార్లు 8 లక్షలదాకా ఎక్కడెక్కడ తిరిగాయో ఆన్‌లైన్‌లో గొళ్ళెం పెట్టకుండా వదిలేసిన సంగతి వచ్చింది. నా చేతికి ఒక్క కాగితం ఇవ్వడానికి కాన్ఫిడెన్షియల్ అడ్డొచ్చింది చూడు, ఆ మాట ఇక్కడ గుర్తుకొచ్చి ఆ రోజు భోజనం చేస్తూ పొలమారింది.

2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టులో 9 మంది జడ్జీలు కూర్చుని గోప్యత ప్రాథమిక హక్కు అన్నారు. అందులో బొమ్మనహాళ్ మండలానికి మినహాయింపు ఉందేమోనని వెతికించాను, లేదట.

నువ్వు పూర్తిగా పనికిమాలినవాడివని నేననను. బండి ఎవడైనా ఎత్తుకుపోతే పట్టిచ్చేది నువ్వే. బోల్తా పడితే నలుగురికీ కబురు పెట్టేదీ నువ్వే. ఆర్టీసీ బస్సులో మీవాడొకడుంటాడు, బస్సు ఎక్కడుందో ప్రయాణికుల ఫోన్‌కు చెప్తాడు. ప్రజలెక్కే కొత్త వాహనాలకు అట్లాంటి పెట్టె, ఎమర్జెన్సీ బటనూ ఉండాలని 2019 నుంచి కేంద్రం నిబంధన ఉంది. వాడు ఎక్కినవాళ్ళకు పనిచేస్తాడు. నువ్వు అమ్మినవాళ్ళకు పనిచేస్తావు. జీతం మాత్రం నా దగ్గర. మూడేళ్ళ తర్వాత సబ్‌స్క్రిప్షన్ కట్టమని మెసేజ్ పెడతావంట కూడా!

అసలు విషయానికి వస్తాను. అనంతపురం జిల్లా వినియోగదారుల కమిషన్‌లో ఫిర్యాదు వేశాను. బండి ఖరీదు పదిహేను లక్షలు కాబట్టి ఫీజు 400 రూపాయలు. లాయరు లేకపోయినా నేనే మాట్లాడుకోవచ్చన్నారు. కంపెనీ తన దగ్గరున్న లాగ్ మొత్తం తెచ్చి పెట్టాలని అందులో అడిగాను. వాళ్ళకు నచ్చిన నాలుగు అంకెలు కాదు, మొత్తం. సర్వీసు ఏ రోజు చేయించానో, ఆయిల్ ఎప్పుడు మార్చారో, ఎన్నివేల కిలోమీటర్లు తారు మీద పద్ధతిగా తోలానో అవి కూడా. నా తరఫున గ్రామ నక్షా ఉంది. నాకు వ్యతిరేకంగా పిలిచిన సాక్షివే నాకూ సాక్షివి.

వాయిదా రోజున నేను కల్యాణదుర్గం మీదుగా బస్సులో వస్తాను. నీకు దారి చెప్పక్కరలేదు.

ఇట్లు,
నీ ఈఎంఐ కట్టేవాడు

తా.క. ఇది రాస్తుండగానే ఇంకో మెసేజ్ వచ్చింది. ఈ నెల నా డ్రైవింగ్ స్కోరు 100కు 100 అంట. బండి జాకీల మీదే ఉంది కదా, ఒక్కసారి కూడా రోడ్డు దిగలేదు. అదీ లాగ్‌లో చేర్చి పెట్టు.