40 ఐటమ్స్ కాదు, వడ్డించే వాళ్ల గురించి అడగండి

ఆఫీసులో ఏ ఈవెంట్ పెట్టినా భోజనం గురించి వచ్చేవి రెండే ప్రశ్నలు. ఎన్ని ఐటమ్స్? ప్లేట్ ఎంత? హైదరాబాద్‌లో ఒక ఐటీ కంపెనీ అడ్మిన్ టీమ్‌లో చాలా ఏళ్లుగా పనిచేస్తున్నాను. ఫ్యామిలీ డే, టౌన్‌హాల్ (సిబ్బంది అందరి సమావేశం), దీపావళి లంచ్, ఇయర్ ఎండ్ పార్టీ, అన్నిటికీ క్యాటరర్లతో బేరమాడేది మేమే. మన భోజనాలను పాడుచేస్తున్నది ఈ రెండు ప్రశ్నలేనని, ఆ భారమంతా చివరికి వడ్డించే కుర్రాళ్ల మీద పడుతోందని నా గట్టి నమ్మకం. అందుకే ఇంత పొడుగ్గా రాస్తున్నాను.

మెనూ కాగితం చూడండి. వెల్‌కమ్ డ్రింక్ రెండు రకాలు, సూపు, ఆరు స్టార్టర్లు, చాట్ కౌంటర్, పాస్తా కౌంటర్, దోశ కౌంటర్, వెజ్, నాన్‌వెజ్ బిర్యానీలు, నాలుగు కూరలు, పప్పు, సాంబారు, రోటి పచ్చడి, డబుల్ కా మీఠా, ఖుబానీ కా మీఠా, ఐస్‌క్రీమ్, కిళ్లీ. చదువుతుంటే నిండుగా ఉంటుంది. కానీ మామూలుగా ఒక మనిషి తినేది ఏడెనిమిది రకాలు. ఆ సంగతి క్యాటరర్‌కి బాగా తెలుసు కాబట్టి 500 మంది ఆర్డర్ ఉంటే ప్రతి రకాన్నీ 500 మందికి సరిపడా వండడు. ఏది ఎంత పోతుందో అంచనా వేసుకుంటాడు. ఆ అంచనా కాస్త తప్పితే చికెన్ ఫ్రై అరగంటలో ఖాళీ అవుతుంది, పాస్తా ట్రేల నిండా మిగిలిపోతుంది. పైగా వంటగది ఒక్కటే, వంట మాస్టర్లు వాళ్లే, చేతిలో ఉన్నది ఒక్క రాత్రి. 40 రకాలు లేవాలంటే ఒకే గ్రేవీ మూడు కూరల్లోకి వెళ్లక తప్పదు. పనీర్ బటర్ మసాలాకీ పక్కనున్న మిక్స్‌డ్ వెజ్ కూరకీ రంగు తప్ప రుచిలో తేడా ఉండకపోవడానికి కారణం ఇదే.

ఇక ప్లేట్ రేటు. మూడు కొటేషన్లు తెప్పిస్తాం, అందులో తక్కువ ఉన్నవాణ్ణి పిలిచి ఇంకాస్త తగ్గించమంటాం. అతను ఎక్కడ తగ్గిస్తాడు? మటన్ ధర, బాస్మతి ధర, 19 కిలోల కమర్షియల్ సిలిండర్ ధర అతని చేతిలో లేవు. ఐటమ్స్ తగ్గిస్తే మనం ఒప్పుకోం. మిగిలింది మనుషుల ఖర్చు. పదిమంది ఉండాల్సిన చోట ఆరుగురిని పెడతాడు.

ఆ ఆరుగురు ఎవరో మనలో చాలామంది ఎప్పుడూ అడగలేదు. అమీర్‌పేట, దిల్‌సుఖ్‌నగర్ హాస్టళ్లలో ఉండి కోచింగ్ తీసుకుంటున్నవాళ్లు, డిగ్రీ చదివే పిల్లలు, జిల్లాల నుంచి పని వెతుక్కుంటూ వచ్చినవాళ్లు. వాట్సాప్ గ్రూపులో మెసేజ్ వస్తుంది: నల్ల ప్యాంటు, తెల్ల చొక్కా, బూట్లు, మధ్యాహ్నం రెండింటికల్లా ఫలానా చోట ఉండాలి. క్యాటరర్‌కీ వీళ్లకీ మధ్య మనుషుల్ని సప్లై చేసే కాంట్రాక్టర్ ఉంటాడు. అతని కమిషన్ పోగా మిగిలింది వీళ్ల కూలి. సామాను దించడం, టేబుళ్లకు గుడ్డలు కట్టడం, వంటలు వేడిగా ఉంచే, కింద జెల్ బర్నర్ వెలిగే చేఫింగ్ డిష్‌లు సర్దడం, వడ్డించడం, ఎంగిలి ప్లేట్లు తీయడం, మళ్లీ సామాను ఎక్కించడం, అన్నీ వీళ్లే. అర్ధరాత్రి ఒంటిగంటకు పని అయ్యేసరికి మెట్రో ఉండదు. నలుగురు కలిసి ఆటో మాట్లాడుకుంటే ఆ రోజు కూలిలో కొంత అక్కడే పోతుంది.

ఒక కుర్రాణ్ణి "తిన్నావా తమ్ముడూ?" అని అడిగితే, "అందరిదీ అయ్యాకే సార్ మాకు. ఈలోపు ప్లేటు పట్టుకుంటే కెప్టెన్ ఊరుకోడు" అన్నాడు. కెప్టెన్ అంటే వడ్డించేవాళ్ల మీద అజమాయిషీ చేసే మనిషి. అప్పటికి రాత్రి పదకొండు దాటింది. మధ్యాహ్నం నుంచి వందలమందికి బిర్యానీ వడ్డించిన మనిషి ఖాళీ కడుపుతో నిలబడి ఉన్నాడు. ఇది మన సంప్రదాయంలో ఎక్కడిది? పెళ్లి బంతిలో కూడా వడ్డించేవాళ్లను చివర్లో కూర్చోబెట్టి, దగ్గరుండి తినమని బతిమాలి పెట్టే ఇళ్లు నేను చూశాను.

ఇందులో శుభ్రత సమస్య కూడా ఉంది. కూకట్‌పల్లి నుంచో ఉప్పల్ నుంచో వ్యాన్‌లో వంట పదకొండున్నరకు వస్తుంది. లంచ్ ఒంటిగంటకని చెబుతాం. స్టేజీ మీద పెద్దల ప్రసంగాలు రెండున్నర దాకా సాగుతాయి. మనుషులు చాలక బర్నర్లలో జెల్ అయిపోయినా మార్చే దిక్కుండదు. వేడి పదార్థం 60 డిగ్రీల పైన, చల్లటిది 5 డిగ్రీల లోపు ఉండాలన్నది ఆహార భద్రతలో మొదటి పాఠం. అన్నంలో బాసిల్లస్ సెరియస్ అనే బాక్టీరియా బీజాలు ఉడికించినా చావవు. అన్నం గోరువెచ్చగా గంటలకొద్దీ ఉంటే పెరిగి విషం తయారుచేస్తాయి. వాంతులు తెప్పించే ఆ విషం మళ్లీ వేడిచేసినా పోదు. ఎవరికైనా కడుపు చెడితే తిట్లు క్యాటరర్‌కే. ప్రసంగాలు ఆలస్యం చేసినవాళ్లను ఎవరూ అడగరు.

2024లో తెలంగాణ ఫుడ్ సేఫ్టీ టాస్క్‌ఫోర్స్ హోటళ్ల వంటగదులు తనిఖీ చేసి ఫొటోలు పెడుతుంటే అందరం షేర్ చేశాం. మన ఆఫీసుకు వండే వంటగదికి వెళ్లి చూసినవాళ్లెందరు? 2022 జనవరి 1 నుంచి క్యాటరర్ బిల్లు మీద 14 అంకెల ఎఫ్ఎస్ఎస్ఏఐ (కేంద్ర ఆహార భద్రతా సంస్థ) నంబరు ఉండి తీరాలి. కనీసం అదైనా చూడండి.

డబ్బు విషయంలోనూ పెద్ద కంపెనీల తీరు బాగోలేదు. భోజనం ఆ పూటే కావాలి, బిల్లు మాత్రం 60 రోజులకు, 90 రోజులకు. చిన్న సంస్థలకు రావాల్సిన డబ్బు 45 రోజులు దాటకూడదని 2006 నాటి ఎంఎస్ఎంఈ చట్టం చెబుతోంది. గడువు దాటి, ఆ ఆర్థిక సంవత్సరం ముగిసేలోగా కూడా కట్టకపోతే ఆ ఖర్చుకు ఆ ఏడాది పన్ను మినహాయింపు రాదన్న నిబంధన 2024 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది. ఇవన్నీ ఫైనాన్స్ వాళ్లకు తెలియనివి కావు. మనం బిల్లు ఆపితే క్యాటరర్ కాంట్రాక్టర్‌కి ఆపుతాడు, కాంట్రాక్టర్ ఆ కుర్రాడికి ఆపుతాడు. హాస్టల్ ఫీజు కట్టలేక తిప్పలు పడేది ఆ చివర ఉన్నవాడు.

అడ్మిన్‌లో ఉన్న మిత్రులకు నేను చెప్పేది ఇదే. నవంబరు, డిసెంబరుల్లో ముహూర్తాలూ ఆఫీసు పార్టీలూ ఒకేసారి పడతాయి. ఆ రోజుల్లో మీ క్యాటరర్ ఇంకెన్ని ఆర్డర్లు ఒప్పుకున్నాడో ముందే అడగండి. వడ్డనకు ఎంతమంది వస్తారో సంఖ్య రాయించుకోండి. వాళ్ల భోజనం వడ్డన మొదలయ్యే ముందే అయిపోవాలని, రాత్రి ఈవెంట్ అయితే ఇళ్లకు చేర్చే బండి ఉండాలని ఆర్డర్‌లోనే పెట్టండి. నోటిమాటగా చెబితే జరగదు.

మా దగ్గర ఈసారి దీపావళి లంచ్‌కి ఐటమ్స్ 18కి దించాం. ఆదా అయిన డబ్బు వడ్డించే మనుషులకు కేటాయించాం. కౌంటర్ల దగ్గర క్యూ తగ్గింది. ముద్దపప్పు, ఆవకాయ, గుత్తివంకాయ మళ్లీ మళ్లీ వేసుకున్నారు. బిల్లు ఫైనాన్స్‌కి వెళ్లాక "సర్వీస్ సిబ్బంది భోజనాలు" అనే లైన్ ఎందుకని అడిగారు. వచ్చే ఈవెంట్‌లోనూ ఆ లైన్ ఉంటుందని రాసి పంపాం.