నొప్పి తెలియకపోవడమే ముప్పు

ఆపరేషన్‌కు ఇచ్చేదాన్నీ, పార్టీల్లో పీల్చేదాన్నీ తెలుగులో ‘మత్తు’ అనే అంటాం. కెటమిన్ విషయంలో ఆ రెండూ నిజంగానే ఒకటి. 1962లో అమెరికాలోని పార్క్-డేవిస్ కంపెనీలో పుట్టి, 1970లో అనుమతి పొందిన ఈ మందు మామూలు డోసులో ఊపిరిని పెద్దగా అణచదు, రక్తపోటును పడిపోనివ్వదు. అందుకే వసతులు అంతంతమాత్రంగా ఉన్నచోట, కాలిన గాయాలతో వచ్చిన పిల్లలకు కట్లు మార్చేటప్పుడు మత్తు డాక్టర్లు దీన్ని నమ్ముకుంటారు. అప్పుడు బిడ్డ కళ్లు తెరిచే ఉంటాయి, కనుగుడ్లు అటూ ఇటూ కదులుతుంటాయి, పిలిస్తే మాత్రం పలుకు ఉండదు. మెదడులో గ్లూటమేట్ అనే రసాయనం మోసే సంకేతాలను అందుకునే ఎన్‌ఎండీఏ అనే గ్రాహకాలను మందు మూసేయడంతో, ఒంటికి జరిగేది మనసుకు చేరదు. ఈ తెగతెంపుల వల్లే ఇలాంటివాటికి డిసోసియేటివ్ మందులని పేరు.

ఆపరేషన్ థియేటర్‌లో ఆ కాసేపూ నాడి చూస్తూ పక్కనే ఒకరు ఉంటారు. బయట ఎవరూ ఉండరు. ‘ఊపిరి ఆపదు కాబట్టి హెరాయిన్ కంటే నయం’ అనేవాళ్లు మరిచేది ఈ తేడానే. పైగా డోసు పెరిగినా, మద్యం తోడైనా ఆ ఊపిరికీ భరోసా లేదు. 2023 అక్టోబరు 28న లాస్ ఏంజెలెస్‌లోని తన ఇంటి వేడినీటి తొట్టెలో చనిపోయిన నటుడు మాథ్యూ పెర్రీ రక్తంలో, ఆపరేషన్‌కు ఇచ్చే స్థాయిలో కెటమిన్ ఉన్నట్టు శవపరీక్షలో తేలింది. ఆయన డిప్రెషన్‌కు చికిత్సగా ఇదే మందు తీసుకున్న మాట నిజమే గానీ, ఆ చివరి డోసు పడి అప్పటికే వారం దాటింది. కొద్ది గంటల్లోనే సగం తగ్గిపోయే మందు అన్నాళ్లు ఒంట్లో నిలవదు. మరణానికి ప్రధాన కారణం కెటమిన్ ప్రభావమేననీ, నీట మునగడం దానికి తోడైందనీ నివేదిక తేల్చింది. ఒళ్లు తెలియని మనిషికి తొట్టెడు నీళ్లే ఎక్కువ.

అలవాటుగా వాడేవారికి పొంచి ఉన్న నష్టం మరొకటి. దాన్ని 2007 ప్రాంతంలో కెనడా, హాంకాంగ్ వైద్యులు వెలుగులోకి తెచ్చారు. 400 మిల్లీలీటర్ల దాకా పట్టే మూత్రాశయం లోపలి పొర పుండై, సంచి బిగుసుకుపోయి, రోగం ముదిరితే 100 కూడా పట్టదు. అరగంటకోసారి పరుగు, మూత్రంలో నెత్తురు, పొత్తికడుపులో కోసేసినట్టు నొప్పి. ఆ నొప్పిని కాసేపు మరిపించేది కూడా కెటమినే కాబట్టి, మళ్లీ దాని దగ్గరికే పోతారు. ఇంత క్రూరమైన ఉచ్చు మరో మత్తులో నాకు కనిపించదు.

మన దేశంలో కెటమిన్‌ను 2011లో మాదకద్రవ్యాలను అదుపుచేసే ఎన్‌డీపీఎస్ చట్టం కిందికి, 2013లో అమ్మకాలపై గట్టి ఆంక్షలుండే మందుల జాబితా షెడ్యూల్ ఎక్స్‌లోకి తెచ్చారు. ఆ కట్టడి అవసరమే, అయితే అది సీసాను చూస్తుంది గానీ మనిషిని చూడదు. యూరిన్ కల్చర్‌లో ఏ క్రిమీ దొరకకపోయినా నెలల తరబడి మంటతో తిరిగే కుర్రవాడికి యాంటీబయాటిక్‌లు మార్చి మార్చి రాసేకంటే, అమ్మానాన్నలను కాసేపు బయట కూర్చోమని చెప్పి, కెటమిన్ సంగతి నేరుగా అడగడం మేలు. తొలిదశలో మానేస్తే చాలామందికి ఉపశమనం దొరుకుతుంది. సంచి కుంచించుకుపోయాక, పేగు ముక్క తీసి అతికే ఆపరేషన్ దాకా పోవాల్సి రావచ్చు.